ఇన్‌కమ్ ట్యాక్స్ నుంచి అనుకోని డిమాండ్ వస్తే ఏం చేయాలి: నోటీసు అందిన రోజు నుంచి బకాయి సున్నా అయ్యేదాకా

రిటర్న్ వేసి రీఫండ్ కోసం ఎదురుచూస్తుంటే, 'మీరే ఇంకా ఇంత కట్టాలి' అని మెయిల్ వస్తుంది. కొందరు టెన్షన్‌తో ఆ రాత్రే కట్టేస్తారు. కొందరు 'కంప్యూటర్ పొరపాటులే' అని వదిలేస్తారు. రెండు రకాల వాళ్లూ నష్టపోతారు. మొదటివాళ్లు కట్టనక్కర్లేనిది కడతారు. రెండోవాళ్ల మీద వడ్డీ పెరుగుతూ పోతుంది, తర్వాతి ఏడాది రీఫండ్ అందులోకే పోతుంది.

జీతం, పెన్షన్, కొద్దిపాటి వడ్డీ లేదా అద్దె ఆదాయం ఉన్నవాళ్లు ఈ ప్రశ్న పదే పదే అడుగుతున్నారు. ఈ గైడ్ వాళ్ల కోసమే. ఇందులో వాడిన సెక్షన్ నంబర్లు 1961 నాటి ఆదాయపు పన్ను చట్టానివి. 2025 నాటి కొత్త చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చినా, అంతకు ముందు ఏళ్ల ఆదాయానికి పాత చట్టమే వర్తిస్తుంది.

## 1. ముందు నోటీసు అసలైనదో కాదో చూడండి

మెయిల్‌లోనో మెసేజ్‌లోనో ఉన్న లింకును నొక్కకండి. బ్రౌజర్ తెరిచి, ఈ-ఫైలింగ్ పోర్టల్ అడ్రస్ మీరే టైప్ చేసి, పాన్‌తో లాగిన్ అవ్వండి. 'పెండింగ్ యాక్షన్స్'లో 'రెస్పాన్స్ టు అవుట్‌స్టాండింగ్ డిమాండ్' చూడండి. డిమాండ్ నిజమైతే సాధారణంగా అక్కడ కనిపిస్తుంది.

రెండో పరీక్ష డీఐఎన్ అనే గుర్తింపు నంబరు. 2019 అక్టోబర్ 1 నుంచి ఆదాయపు పన్ను శాఖ పంపే ఉత్తరాల మీద ఇది ఉండాలి. లాగిన్ అవ్వకుండానే పోర్టల్ మొదటి పేజీలో నోటీసు అసలైనదో కాదో సరిచూసుకునే లింకు ఉంటుంది.

ఓటీపీ, కార్డు నంబరు అడిగినా, ఎవరి యూపీఐకో డబ్బు పంపమన్నా అది మోసమే. ఇంకేం ఆలోచించక్కర్లేదు.

## 2. ఏ సెక్షన్ కింద వచ్చిందో, ఎన్ని రోజులుందో రాసుకోండి

అన్ని నోటీసులూ ఒకటి కావు. నోటీసు పైన రాసిన సెక్షన్ నంబరును బట్టే మీరు చేయాల్సిన పని మారుతుంది.

- 143(1)(ఎ) ప్రతిపాదన: ఇది ఇంకా డిమాండ్ కాదు. 'మీ రిటర్న్‌లో ఫలానా మార్పు చేయబోతున్నాం, ఏమంటారు?' అని అడుగుతున్నారు. జవాబుకు 30 రోజులు ఉంటాయి. ఇక్కడే జవాబిస్తే చాలా కేసులు డిమాండ్ దాకా రావు.
- 143(1) ఇంటిమేషన్: బెంగళూరులోని సీపీసీ (రిటర్న్‌లను ప్రాసెస్ చేసే శాఖ కేంద్రం) మీ రిటర్న్‌ను ప్రాసెస్ చేశాక పంపేది. ఇందులో కట్టాల్సిన మొత్తం ఉంటే ఇదే డిమాండ్ నోటీసు. గడువు నోటీసు అందినప్పటి నుంచి 30 రోజులు.
- 245 ఇంటిమేషన్: పాత బకాయికి మీ కొత్త రీఫండ్‌ను సర్దుకుంటామని చెప్పేది. జవాబుకు 21 రోజులు ఉంటాయి. మాట్లాడకపోతే సర్దేస్తారు.
- 143(3), 147 కింద ఆర్డర్లు: స్క్రూటినీ (రిటర్న్‌ను లోతుగా తనిఖీ చేయడం) లేదా రీఅసెస్‌మెంట్ (ఆ ఏడాది ఆదాయాన్ని మళ్లీ లెక్కించడం) తర్వాత వచ్చేవి. ఇవి సొంతంగా తేల్చుకునే వ్యవహారం కాదు. అదే వారం ఆడిటర్ దగ్గరికి వెళ్లండి.

ఇక్కడి నుంచి 143(1) గురించే ఎక్కువగా చెబుతాను, ఎందుకంటే మామూలు జీతగాళ్లకు వచ్చేవాటిలో అదే ఎక్కువ.

30 రోజులు దాటితే 220(2) కింద నెలకు 1 శాతం వడ్డీ మొదలవుతుంది. నెలలో ఒక్క రోజు గడిచినా నెల కిందే లెక్క. ఇంకా వదిలేస్తే 221 కింద బకాయి మొత్తం దాకా జరిమానా వేసే అధికారం, బ్యాంకు ఖాతా నుంచి నేరుగా వసూలు చేసే అధికారం అధికారికి ఉన్నాయి. అందుకే నోటీసు తేదీ, గడువు తేదీ రెండూ క్యాలెండర్ మీద రాసుకోండి.

నికరంగా కట్టాల్సింది 100 రూపాయల లోపే ఉంటే కట్టనక్కర్లేదు. ఆ మాట ఇంటిమేషన్‌లోనే ఉంటుంది.

## 3. కాగితాలన్నీ ఒకచోట పెట్టుకోండి

సగం కాగితాలతో కూర్చుంటే లెక్క రెండుసార్లు చేయాల్సి వస్తుంది. మొదలుపెట్టే ముందు ఇవి దగ్గరుండాలి:

- ఇంటిమేషన్ పీడీఎఫ్. పాస్‌వర్డ్: చిన్న అక్షరాల్లో పాన్, వెంటనే పుట్టిన తేదీ, నెల, సంవత్సరం ఎనిమిది అంకెల్లో.
- మీరు వేసిన రిటర్న్ పూర్తి కాపీ. రసీదు ఒక్కటే సరిపోదు.
- ఫారం 16. ఆ ఏడాది ఉద్యోగం మారితే ఇద్దరు యజమానులదీ.
- ఫారం 26ఏఎస్ (మీ పాన్ మీద జమైన పన్నుల పట్టిక), ఏఐఎస్ (మీ ఆదాయం, లావాదేవీల పట్టిక). పాత ప్రింటు వద్దు, ఈరోజు డౌన్‌లోడ్ చేసినవే చూడండి.
- అడ్వాన్స్ ట్యాక్స్ (ఏడాది మధ్యలో ముందుగా కట్టేది), సెల్ఫ్ అసెస్‌మెంట్ ట్యాక్స్ (రిటర్న్ వేసే ముందు కట్టేది) కట్టి ఉంటే ఆ చలానాలు.
- జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్, 80సి లాంటి మినహాయింపుల రుజువులు.

రిటర్న్ మీరు కాకుండా ఇంకొకరు వేసి ఉంటే, పోర్టల్‌లో ఉన్న ఫోన్ నంబరు, మెయిల్ మీవేనా అని ఇప్పుడే చూడండి. వేసినవాళ్లవి ఉంటే వెంటనే మార్చండి. ఎందరికో నోటీసు ఆలస్యంగా తెలియడానికి ఇదే కారణం.

## 4. రెండు వరుసలు పోల్చి, తేడా మొదలైన గడిని పట్టుకోండి

మొత్తం పనిలో ఇదే ముఖ్యమైన మెట్టు. ఇంటిమేషన్‌లో పక్కపక్కనే రెండు వరుసలు ఉంటాయి. ఒకటి మీరు చూపించిన లెక్క, రెండోది 143(1) కింద సీపీసీ వేసిన లెక్క. చివర ఉన్న పెద్ద అంకెను కాసేపు పక్కన పెట్టండి. పై నుంచి ఒక్కో గడి చూసుకుంటూ రండి: జీతం, ఇతర ఆదాయం, మినహాయింపులు, మొత్తం ఆదాయం, పన్ను, రిబేటు, రిలీఫ్, వడ్డీ, టీడీఎస్ (ఆదాయం మీ చేతికి రాకముందే కోసిన పన్ను), కట్టిన పన్ను.

రెండు వరుసలూ మొదటిసారి ఎక్కడ వేరుపడ్డాయో ఆ గడి చుట్టూ పెన్నుతో గీయండి. కింద కనిపించే తేడాలు చాలావరకు దాని వెంట వచ్చినవే.

ఒక లెక్క చూద్దాం. మీ మొత్తం పన్ను 86,400 రూపాయలు, టీడీఎస్ కూడా అంతే పోయిందని మీరు చూపించారు. సీపీసీ మాత్రం 62,000 టీడీఎస్‌కే క్రెడిట్ ఇచ్చింది. తేడా 24,400. కానీ డిమాండ్ 27,580కి వచ్చింది. మిగతా 3,180 ఎక్కడిది?

- నవంబర్‌లో ప్రాసెస్ చేశారనుకుంటే, అడ్వాన్స్ ట్యాక్స్ తక్కువైందని ఏప్రిల్ నుంచి 8 నెలలకు 234బి వడ్డీ: 1,952
- అడ్వాన్స్ ట్యాక్స్ వాయిదాలు కట్టలేదని 234సి వడ్డీ: 1,228

అంటే ఇక్కడ తప్పులు మూడు కావు, ఒక్కటే. టీడీఎస్ క్రెడిట్ సరిచేయిస్తే ఆ రెండు వడ్డీలూ వాటంతట అవే పోతాయి. ఈ సంగతి తెలియక చాలామంది వడ్డీ గురించి వేరేగా ఉత్తరాలు రాస్తుంటారు.

పెన్షనర్లు ఇంకొకటి గమనించాలి. 60 ఏళ్లు నిండి, వ్యాపార ఆదాయం లేనివాళ్లకు అడ్వాన్స్ ట్యాక్స్ బాధ్యతే లేదు. కాబట్టి 234బి, 234సి వడ్డీలు పడకూడదు. పడితే రిటర్న్‌లో పుట్టిన తేదీ సరిగ్గా ఉందో లేదో చూడండి.

## 5. కారణం తెలిస్తే దారి తెలుస్తుంది

టీడీఎస్ 26ఏఎస్‌లో కనిపించడం లేదు. యజమాని, బ్యాంకు లేదా మీ ఇల్లు కొన్నవాళ్లు మీ పాన్ తప్పుగా రాసి ఉండొచ్చు, టీడీఎస్ రిటర్న్ ఇంకా వేయకపోయి ఉండొచ్చు. సరిదిద్దాల్సింది వాళ్లే, సీపీసీ కాదు. వాళ్లు సవరించిన స్టేట్‌మెంట్ వేసి, మీ 26ఏఎస్‌లో ఆ మొత్తం కనిపించాకే రెక్టిఫికేషన్ (లెక్కలో తప్పు సరిచేయమనే దరఖాస్తు, 7వ మెట్టు చూడండి) అడగండి. ముందే అడిగితే మళ్లీ అదే డిమాండ్ వస్తుంది.

26ఏఎస్‌లో ఉంది, మీరే తప్పు రాశారు. యజమాని టాన్ (పన్ను కోసేవాళ్ల గుర్తింపు) నంబరులోనో, చలానా వివరాల్లోనో ఒక అంకె తేడా ఉంటుంది. అన్నిటికంటే తేలిగ్గా తీరేది ఇదే.

ఎరియర్స్ రిలీఫ్ ఇవ్వలేదు. పీఆర్సీ, డీఏ ఎరియర్స్ ఒకేసారి అందుకున్న ప్రభుత్వ ఉద్యోగులు, టీచర్లు, పెన్షనర్లు ఇది జాగ్రత్తగా చదవాలి. ఎరియర్స్ ఒకే ఏడాదిలో పడి పెరిగిన పన్నును తగ్గించే సెక్షన్ 89 రిలీఫ్ కావాలంటే రిటర్న్ కంటే ముందే ఫారం 10ఈ ఆన్‌లైన్‌లో వేయాలి. ఆఫీసులో లెక్క వేసి ఫారం 16లో చూపించినా సరే, పోర్టల్‌లో 10ఈ లేకపోతే సీపీసీ ఆ రిలీఫ్‌ను సున్నా చేస్తుంది. ఇలాంటప్పుడు సాధారణంగా పట్టే దారి ఇది: 10ఈ ఇప్పుడు వేసి, రసీదు దాచుకుని, ఆ తర్వాత రెక్టిఫికేషన్ అడగడం. 10ఈలో అసెస్‌మెంట్ ఇయర్ (ఆదాయం వచ్చిన ఆర్థిక సంవత్సరం తర్వాతి ఏడాది) ఎంచుకునేటప్పుడు జాగ్రత్త. ఎరియర్స్ ఏ ఏళ్లకు సంబంధించినవైనా, డబ్బు అందిన ఆర్థిక సంవత్సరానికి చెందిన అసెస్‌మెంట్ ఇయరే పెట్టాలి.

గడువు దాటాక పాత పన్ను విధానం ఎంచుకున్నారు. ఆలస్యంగా వేసిన రిటర్న్‌లో పాత విధానం కుదరదు. 80సి, ఇంటి అద్దె మినహాయింపులు అన్నీ పోయి కొత్త విధానంలో లెక్క వేస్తారు. ఇందులో సీపీసీ తప్పు లేదు. రెక్టిఫికేషన్ పెట్టి నెలలు పోగొట్టుకోకండి.

87ఎ రిబేటు (ఆదాయం ఒక పరిమితి లోపుంటే పన్నులో ఇచ్చే తగ్గింపు) తగ్గించారు. కొత్త విధానంలో, షేర్ల మీద షార్ట్ టర్మ్ లాభాల్లాంటి ప్రత్యేక రేటు ఆదాయాల పన్నుకు రిబేటును శాఖ ఒప్పుకోవడం లేదు. ఉన్న మొత్తాన్ని బట్టి ఆడిటర్ సలహా తీసుకుని నిర్ణయించండి.

ఆలస్య రుసుము. 234ఎఫ్ కింద 5,000 రూపాయలు, మొత్తం ఆదాయం 5 లక్షల లోపుంటే 1,000. రిటర్న్ ఆలస్యమైన మాట నిజమైతే దీని మీద వాదన లేదు.

## 6. డిమాండ్‌కు పోర్టల్‌లో జవాబు ఇవ్వండి

చాలామంది వదిలేసే మెట్టు ఇది. రెక్టిఫికేషన్ పెట్టాం కదా, సరిపోతుందిలే అనుకుంటారు. సరిపోదు. రెక్టిఫికేషన్ వేరు, డిమాండ్‌కు జవాబు వేరు. జవాబు లేకపోతే పోర్టల్‌లో ఆ బకాయి మామూలుగానే నిలిచి ఉంటుంది, తర్వాతి రీఫండ్ అందులోకి పోయే ప్రమాదం ఉంటుంది.

'రెస్పాన్స్ టు అవుట్‌స్టాండింగ్ డిమాండ్'లో రెండు దారులు ఉంటాయి.

- డిమాండ్ సరైనదే: ఇది నొక్కి సమర్పించాక మళ్లీ కాదనడానికి వీల్లేదు. 4, 5 మెట్లు పూర్తి చేయకుండా దీని జోలికి వెళ్లకండి.
- ఒప్పుకోను, పూర్తిగా లేదా కొంత: కారణం ఎంచుకోవాలి. ఇప్పటికే కట్టేశాను, రెక్టిఫికేషన్ పెట్టాను, అప్పీల్ వేశాను, ఇతర కారణాలు అన్న వరసలో ఉంటాయి. అడిగిన చోట చలానా వివరాలు, రసీదు నంబరు, పీడీఎఫ్‌లు జతచేయండి.

కొంత నిజమే అయితే ఆ కొంత కట్టేసి, మిగతాదానికి మాత్రమే అభ్యంతరం చెప్పండి. మొత్తం కాదనడం కంటే ఇది బలమైన జవాబు, పైగా కట్టినదాని మీద వడ్డీ ఆగిపోతుంది.

'ఇతర కారణాలు' గడిలో కథ రాయకండి. ఇంటిమేషన్‌లో ఏ గడి, మీ లెక్క ఎంత, వాళ్ల లెక్క ఎంత, రుజువు ఏది అన్న నాలుగు విషయాలు చాలు. సమర్పించాక వచ్చే ట్రాన్సాక్షన్ ఐడీని స్క్రీన్‌షాట్ తీసి దాచండి.

## 7. రెక్టిఫికేషన్ ఎలా పెట్టాలి

సెక్షన్ 154 కింద, రికార్డు చూడగానే తెలిసిపోయే తప్పులను సరిచేయమని అడగడమే రెక్టిఫికేషన్. 'సర్వీసెస్'లో 'రెక్టిఫికేషన్' తెరిచి, అసెస్‌మెంట్ ఇయర్ ఎంచుకుంటే రకాలు కనిపిస్తాయి. తప్పు రకం ఎంచుకోవడం వల్లే ఎక్కువ దరఖాస్తులు వృథా అవుతాయి.

- రీప్రాసెస్ ద రిటర్న్: మీ రిటర్న్ సరిగ్గానే ఉంది, ఇప్పుడు 26ఏఎస్ మారింది లేదా 10ఈ వేశారు. డేటా మార్చకుండా మళ్లీ లెక్క వేయమని అడగడం.
- ట్యాక్స్ క్రెడిట్ మిస్‌మ్యాచ్ కరెక్షన్: టీడీఎస్, చలానా వివరాలు మీరే తప్పు రాసినప్పుడు.
- రిటర్న్ డేటా కరెక్షన్: రిటర్న్‌లో వేరే గడిలో పడిన వివరాలను సరైన గడిలోకి మార్చడానికి.

రిటర్న్‌లో అసలు అడగని కొత్త మినహాయింపును రెక్టిఫికేషన్‌లో తేలేరు. అది రివైజ్డ్ రిటర్న్ పని, దానికి గడువు ఇంకా ఉంటేనే.

ఒక దరఖాస్తు పెండింగులో ఉండగా ఇంకొకటి పెట్టనివ్వదు, కాబట్టి మొదటిసారే సరిచూసి పెట్టండి. ఆర్డర్ ఇచ్చిన ఆర్థిక సంవత్సరం ముగిసినప్పటి నుంచి 4 ఏళ్ల దాకా రెక్టిఫికేషన్ అడగొచ్చు. దరఖాస్తు అందిన నెల ముగిశాక 6 నెలల్లో శాఖ తేల్చాలి.

ఒక్కోసారి రెక్టిఫికేషన్ అధికారం మీ అసెసింగ్ ఆఫీసర్‌కు (ఏవో, అంటే మీ పాన్ ఉన్న వార్డు అధికారి) బదిలీ అయిందని పోర్టల్ చెబుతుంది. అప్పుడు 'నో యువర్ ఏవో'లో మీ పాన్ ఏ వార్డులో ఉందో చూసి, రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, కాపీ మీద స్టాంపు వేయించుకోండి. స్టాంపు లేని కాపీ తర్వాత ఎందుకూ పనికిరాదు.

## 8. డిమాండ్ సరైనదే అయితే కట్టే పద్ధతి

డిమాండ్ పక్కనే ఉన్న 'పే నౌ' నుంచి కట్టడమే మంచిది. అలా వెళ్తే డిమాండ్ రిఫరెన్స్ నంబరు, అసెస్‌మెంట్ ఇయర్ వాటంతట అవే వస్తాయి.

'ఈ-పే ట్యాక్స్' నుంచి విడిగా కడితే ఈ మూడూ చూడండి:

- అసెస్‌మెంట్ ఇయర్ సరైనదేనా? 2024-25లో సంపాదించిన ఆదాయానికి అసెస్‌మెంట్ ఇయర్ 2025-26.
- మైనర్ హెడ్ (ఏ రకం పన్నో చెప్పే కోడ్) 400, అంటే రెగ్యులర్ అసెస్‌మెంట్ ట్యాక్స్ ఉందా? 300 సెల్ఫ్ అసెస్‌మెంట్‌ది, 100 అడ్వాన్స్ ట్యాక్స్‌ది.
- పాన్ మీదేనా? ఇంట్లో నలుగురికీ ఒకరే కట్టేటప్పుడు ఇది తారుమారవుతుంది.

300లో కట్టేస్తే డబ్బు పోదు కానీ డిమాండ్ అలాగే ఉంటుంది. 'సర్వీసెస్'లో చలానా కరెక్షన్ ఉంది. హెడ్ మార్చడానికి కట్టిన రోజు నుంచి 30 రోజులు, అసెస్‌మెంట్ ఇయర్ మార్చడానికి 7 రోజులే గడువు. ఆ తర్వాతైతే అసెసింగ్ ఆఫీసర్‌ను అడగాల్సిందే.

చలానా రసీదు మీద బీఎస్ఆర్ కోడ్ (బ్యాంకు శాఖ నంబరు), తేదీ, చలానా నంబరు స్పష్టంగా ఉన్న కాపీ దాచండి. కొన్ని రోజులాగి డిమాండ్ తీరిందో లేదో పోర్టల్‌లో చూడండి.

## 9. ఒకేసారి కట్టే స్తోమత లేకపోతే

ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, చట్టమే దారి ఇచ్చింది. గడువు పెంచమనీ, వాయిదాల్లో కట్టనివ్వమనీ సెక్షన్ 220(3) కింద అసెసింగ్ ఆఫీసర్‌ను అడగొచ్చు. ఇవ్వడం అధికారి ఇష్టం. ఒకే ఒక్క షరతు మాత్రం మరిచిపోవద్దు: 30 రోజుల గడువు ముగిసేలోపే దరఖాస్తు చేరాలి.

దరఖాస్తులో మీ నెలవారీ ఆదాయం, తప్పని ఖర్చులు, నెలకు ఎంత కట్టగలరో రాయండి. మొదటి వాయిదా కట్టిన చలానా జతచేస్తే మీ మాటకు బరువు వస్తుంది. కట్టలేని అంకె రాసి మొదటి నెలే తప్పడం కంటే, చిన్న మొత్తం అడగడం మంచిది. వాయిదాలు ఇచ్చినా వడ్డీ మాత్రం నడుస్తుంది.

## 10. జీతంలో కోసుకుని కంపెనీ పన్ను కట్టకపోతే

అన్యాయం అనిపించే కేసు ఇదే, నిజంగా అన్యాయమే. కంపెనీ మూతపడుతుంది, టీడీఎస్ ప్రభుత్వానికి చేరదు, డిమాండ్ ఉద్యోగికి వస్తుంది.

చట్టం ఇక్కడ మీ పక్షాన ఉంది. మూలంలోనే కోసిన పన్నును మళ్లీ ఉద్యోగి నుంచి వసూలు చేయకూడదని సెక్షన్ 205 చెబుతోంది. ఇలాంటి డిమాండ్లను బలవంతంగా వసూలు చేయొద్దని సీబీడీటీ (ప్రత్యక్ష పన్నుల కేంద్ర బోర్డు) 2015 జూన్ 1న తన అధికారులకు రాసింది, 2016 మార్చి 11న మళ్లీ గుర్తుచేసింది.

మీరు నిరూపించాల్సింది ఒక్కటే: పన్ను నిజంగా కోశారని. దానికి ఇవి కావాలి:

- టీడీఎస్ కనిపించే ప్రతి నెల జీతం స్లిప్పు
- కోత పోగా మిగిలిన జీతమే ఖాతాలో పడిందని చూపే బ్యాంకు స్టేట్‌మెంట్. స్లిప్పులోని నికర జీతం, ఖాతాలో పడిన మొత్తం ఒకటేనని నెలనెలా పట్టిక వేయండి.
- ఫారం 16 ఇచ్చి ఉంటే అది
- టీడీఎస్ జమ చేయమని కంపెనీకి మీరు పంపిన మెయిళ్లు

డిమాండ్‌కు 'ఒప్పుకోను' అని జవాబిచ్చి, ఇవే కాగితాలతో అసెసింగ్ ఆఫీసర్‌కు ఉత్తరం ఇవ్వండి. సెక్షన్ 205నూ, ఆ రెండు తేదీల సీబీడీటీ ఉత్తరాలనూ పేరు పెట్టి రాయండి. కదలిక లేకపోతే పోర్టల్‌లోనే గ్రీవెన్స్ పెట్టండి, అక్కడా తేలకపోతే కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్‌లో ఫిర్యాదు చేయండి.

## 11. రెక్టిఫికేషన్ కాదంటే అప్పీల్

143(1) ఇంటిమేషన్ మీద అప్పీల్ వేయొచ్చు. ఫారం 35, ఆన్‌లైన్‌లో, 30 రోజుల్లోపు. లెక్కించిన ఆదాయం 2 లక్షలు దాటితే ఫీజు 1,000 రూపాయలు. మీ రిటర్న్ ప్రకారం మీరే ఒప్పుకున్న పన్ను ముందు కట్టి ఉండాలి.

రెక్టిఫికేషన్ తిరస్కరించిన ఆర్డర్ మీద కూడా విడిగా అప్పీల్ ఉంది, దాని 30 రోజులు ఆ ఆర్డర్ అందినప్పటి నుంచి. అయినా పెద్ద మొత్తమైతే రెక్టిఫికేషన్ తేలేదాకా ఆగి మొదటి అప్పీల్ గడువు పోగొట్టుకోవద్దని నా సలహా.

అప్పీల్ వేసినంత మాత్రాన వసూలు ఆగదు. స్టే కోసం అసెసింగ్ ఆఫీసర్‌ను వేరేగా అడగాలి. మామూలుగా వివాదంలో ఉన్న డిమాండ్‌లో 20 శాతం కట్టమంటారు.

## 12. ఎప్పటివో పాత డిమాండ్లు కనిపిస్తే

2010-11 అసెస్‌మెంట్ ఇయర్ దాకా ఒక్కోటి 25,000 రూపాయల లోపు, 2011-12 నుంచి 2015-16 దాకా ఒక్కోటి 10,000 లోపు ఉన్న డిమాండ్లను 2024లో రద్దు చేశారు. మనిషికి మొత్తం లక్ష రూపాయల పరిమితితో. ఈ లెక్కలోకి వచ్చేది ఇంకా కనిపిస్తుంటే ఆ రద్దును చూపిస్తూ జవాబివ్వండి. పెద్దదైతే, ఆ ఏడాది ఆర్డర్ కాపీ ఇవ్వమని అసెసింగ్ ఆఫీసర్‌కు రాసి, అది చూశాకే ముందుకెళ్లండి.

## 13. బకాయి సున్నా అయ్యాక

- సున్నా అని చూపే పోర్టల్ పేజీని పీడీఎఫ్‌గా దాచండి.
- ఇంటిమేషన్, రెక్టిఫికేషన్ ఆర్డర్, చలానా, ట్రాన్సాక్షన్ ఐడీ అన్నీ ఆ అసెస్‌మెంట్ ఇయర్ పేరుతో ఒకే ఫోల్డర్‌లో పెట్టండి.
- ముందే ఏదైనా రీఫండ్ సర్దేసి ఉంటే, అది తిరిగి రావాల్సిన మొత్తం కొత్త ఆర్డర్‌లో ఉందో లేదో చూడండి. బ్యాంకు ఖాతా పోర్టల్‌లో వ్యాలిడేట్ అయి ఉంటేనే డబ్బు పడుతుంది.
- ఈ ఏడాది ఉద్యోగం మారితే పాత జీతం వివరాలు కొత్త యజమానికి ఇవ్వండి. లేకపోతే స్టాండర్డ్ డిడక్షన్, శ్లాబు ఇద్దరూ లెక్కలోకి తీసుకుని పన్ను తక్కువ కోస్తారు, తేడా రిటర్న్ వేసేటప్పుడు మీ మీద పడుతుంది.
- రిటర్న్ వేసే ముందు 26ఏఎస్ మళ్లీ డౌన్‌లోడ్ చేసి, ఫారం 16తో టీడీఎస్ రూపాయితో సహా సరిపోల్చండి. తేడా ఉంటే ముందు యజమానితో సరిచేయించండి.